బిడ్డను అప్పగించే ముందు...

సంతానం అల్లాహ్ మన చేతికిచ్చిన అమానతు. అమానతును మరొకరి చేతిలో పెట్టేటప్పుడు ఆ చెయ్యి ఎలాంటిదో చూసి పెట్టాలి. ఎకరం పొలం కౌలుకిచ్చేటప్పుడు కౌలుదారు ఎలాంటివాడో నలుగురిని అడుగుతాం. ఆడపిల్లకు సంబంధం వస్తే పది ఇళ్ళు తిరిగి వాకబు చేస్తాం. కాని తొమ్మిదేళ్ళ పిల్లవాణ్ణి ఏడాదిలో పది నెలలు పరాయి కప్పు కింద ఉంచే విషయంలో మాత్రం ఒక రంగుల కరపత్రం చూసి, ఒక ఫోను చేసి నిర్ణయం తీసుకుంటున్నాం. ఇది మనమంతా ఆలోచించాల్సిన విషయం.

వేసవి వచ్చిందంటే బోధన్ లో తల్లిదండ్రులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటే. “మౌల్వీసాబ్! ఊరి బయట పొలాల్లో ఫలానా ప్రైవేటు బడి ఉందట. చిన్నదే గాని హాస్టలుందట, ఇంగ్లీషు మీడియమట. మా వాణ్ణి వేయమంటారా?” ఈ ప్రశ్న వెనుక ఉన్న అవసరాన్ని మేము తేలికగా తీసుకోవడం లేదు. 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఈ ప్రాంతంలో ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టింది. 2015 డిసెంబరులో అది మూతపడింది. ఫ్యాక్టరీ జీతం మీద బతికిన ఇళ్ళలో కొందరు నిజామాబాద్ కు, హైదరాబాద్ కు వెళ్ళారు. గల్ఫ్ దేశాలకు వెళ్ళడం ఈ జిల్లాకు అంతకు ముందు నుంచే అలవాటు. తండ్రి రియాద్ లోనో దుబాయ్ లోనో ఉంటాడు. ఇంట్లో తల్లి, ముసలి అత్తమామలు. పిల్లవాడు మాట వినడు, చేతిలో సెల్ ఫోను వదలడు. “హాస్టల్లో వేసెయ్, దారికి వస్తాడు” అని తండ్రి అక్కడి నుంచి చెబుతాడు. ఆ మాటలో ప్రేమ ఉంది, కష్టం ఉంది. ఇక కావలసింది వాకబు.

కొత్త సంగతి కాదు

విద్య కోసం ఇల్లు విడిచి ఉండటం మనకు కొత్త కాదు. మదీనాలో దైవప్రవక్త (స) మస్జిదు అరుగుపై ఉంటూ చదువుకున్న అస్హాబె సుఫ్ఫా మన మొదటి వసతి విద్యార్థులు. మన మదర్సాల దారుల్ ఇఖామాలు ఆ సంప్రదాయంలోనివే. 1875లో సర్ సయ్యద్ అలీగఢ్ లో బడి స్థాపించినప్పుడు, పిల్లలు కలిసి ఉండటం, కలిసి భోంచేయడం చదువులో భాగమేనని భావించారు. నిజాం పాలనలో 1923లో జాగీర్దారుల పిల్లల కోసం హైదరాబాదులో జాగీర్దార్ కాలేజీ వెలసింది. ఈనాటి హైదరాబాద్ పబ్లిక్ స్కూలు అదే.

ఇంగ్లండులో ‘ప్రెప్ స్కూలు’ అనే పద్ధతి ఉంది. ఏడెనిమిదేళ్ళ నుంచి పదమూడేళ్ళ దాకా పిల్లలను ఉంచుకుని పెద్ద బడుల ప్రవేశానికి తయారు చేసే చిన్న బడులవి. చాలావరకు పల్లెటూళ్ళలో, పాత బంగళాల్లో ఉంటాయి. ఆ నమూనాలోనే డూన్ స్కూలుకు పిల్లలను తయారు చేయడానికి డెహ్రాడూన్ లో 1937లో వెల్హమ్ బడి పుట్టింది. తెలుగునాట ఈ వసతి చదువును పేద పిల్లల దగ్గరకు తెచ్చింది 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా నల్లగొండ జిల్లా సర్వేలులో మొదలైన గురుకుల పాఠశాల. 2016లో తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ గురుకులాలను 71 బడులతో ప్రారంభించింది. తరువాత వాటి సంఖ్య 204కు చేరింది. మన జిల్లాలోనూ ఇవి ఉన్నాయి. అయిదో తరగతి నుంచి చేర్చుకుంటారు, ఖర్చు ప్రభుత్వానిదే.

కాబట్టి హాస్టలు మంచిదా చెడ్డదా అన్నది మా ప్రశ్న కాదు. ఈ ప్రత్యేకమైన హాస్టలు, ఈ ప్రత్యేకమైన పిల్లవాడికి సరిపోతుందా అన్నదే ప్రశ్న.

చిన్న బడికి ఒక్క మనిషే ఆధారం

నూటయాభై మంది పిల్లలున్న చిన్న బడికి ఒక గొప్పతనం ఉంది. పెద్ద సారుకు ప్రతి పిల్లవాడి పేరూ తెలుస్తుంది. ఎవడు అన్నం సరిగా తినడం లేదో, ఎవడి తండ్రి ఆర్నెల్లుగా ఫోను చేయలేదో తెలుస్తుంది. అలాంటి బడి ఒకటి మేము చూశాం. హెడ్మాస్టరు భార్య రోజూ మగ్రిబ్ వేళకు పిల్లల వరండాలో కూర్చునేది. జ్వరం వచ్చినవాడి నుదురు తాకి చూసేది. తలలో పేలున్న పిల్లను పక్కకు పిలిచి, ఎవరికీ తెలియకుండా మందు రాసేది. ఆ బడిలో ప్రయోగశాల లేదు, ఆటస్థలం కూడా అంతంత మాత్రమే. అయినా సెలవులకు ఇంటికి వచ్చిన పిల్లలు తిరిగి వెళ్ళేటప్పుడు ఏడ్చేవారు కారు.

చిన్న బడికి ఉన్న ప్రమాదం కూడా అక్కడే ఉంది. అన్నిటికీ ఒక్క మనిషే. యజమాని ఆయనే, ప్రిన్సిపాలు ఆయనే, ఫీజు తీసుకునేది ఆయనే, ఫిర్యాదు వినేదీ ఆయనే. ఆయన మంచివాడైతే అది ఇల్లు. కోపిష్టి అయితే, లేదా అప్పుల్లో మునిగి ఉంటే, లేదా ఊళ్ళో రాజకీయాలు చేస్తూ బడిని వార్డెన్ కు వదిలేస్తే, అక్కడున్న పిల్లవాడి గోడు వినేవాడుండడు. ప్రభుత్వ గురుకులంలో లోపాలు ఉండవచ్చు. కాని అక్కడ ప్రిన్సిపాలు పైన ఒక అధికారి, ఆ పైన మరో అధికారి ఉంటారు. పత్రికలవాళ్ళూ వస్తారు. పొలాల మధ్య ఉన్న చిన్న ప్రైవేటు బడికి తల్లిదండ్రులే తనిఖీ అధికారులు. వాళ్ళు అడగకపోతే అడిగేవాళ్ళుండరు.

అందుచేత భవనం చూడటానికి ముందు మనిషిని చూడండి. ఆయన ఎక్కడివాడు, అంతకు ముందు ఏం చేసేవాడు, సొంత పిల్లలను ఎక్కడ చదివిస్తున్నాడు? నిరుడున్న టీచర్లలో ఎంతమంది ఈ ఏడాది ఉన్నారు? ఈ చివరి ప్రశ్న తప్పక అడగాలి. ఏటేటా టీచర్లు మారిపోయే బడిలో జీతాలు సరిగా ఇవ్వడం లేదనో, మర్యాద లేదనో అర్థం. పెద్దవాళ్ళే నిలవని చోట పిల్లలు ఎలా నిలుస్తారు?

రాత్రి పూట వెళ్ళి చూడండి

బడిని అందరూ పగటి పూట, అడ్మిషన్ల రోజున చూస్తారు. ఆ రోజు సున్నం వేసి ఉంటుంది, పిల్లలు ఇస్త్రీ బట్టల్లో ఉంటారు. పగటి బడి ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. మీరు డబ్బు కట్టేది రాత్రి కోసం. కనుక జూన్ లో చేర్చదలిస్తే, జనవరిలోనో ఫిబ్రవరిలోనో, ముందుగా చెప్పకుండా ఇషా వేళకు వెళ్ళండి. లోపలికి రానివ్వకపోతే, ఎందుకు రానివ్వరో మర్యాదగా అడగండి. ఆ జవాబులోనే సగం తెలిసిపోతుంది.

రాత్రి పిల్లలు పడుకునే గదిలో, లేదా పక్క గదిలో పడుకునే పెద్ద మనిషి ఎవరు? పేరు అడగండి, పిలిపించి మాట్లాడండి. పదో తరగతి పిల్లలకే చిన్నపిల్లల బాధ్యత అప్పగించి వార్డెన్ ఇంటికి వెళ్ళిపోయే చోట మీ బిడ్డను ఉంచకండి. చిన్నవాళ్ళూ పెద్దవాళ్ళూ ఒకే గదిలో పడుకుంటున్నారా? మరుగుదొడ్డి ఎంత దూరం, దారిలో దీపం ఉందా? మన చుట్టూ వరి పొలాలు, నీటి కాలువలు. తేళ్ళు, పాములు తిరుగుతాయి, దోమలు చెప్పనక్కరలేదు. నేల మీద పడుకుంటారా, మంచాలున్నాయా? కిటికీలకు జాలీ ఉందా? అర్ధరాత్రి పిల్లవాడికి వాంతులు పట్టుకుంటే ఏ బండిలో, ఏ ఆసుపత్రికి తీసుకుపోతారు? బోధన్ నుంచి నిజామాబాద్ కే సుమారు పాతిక కిలోమీటర్లు. బండి లేని బడికి అది చాలా దూరం.

ఆడపిల్లల విషయంలో మరింత జాగ్రత్త ఎంతైనా అవసరం. రాత్రి బడిలోనే ఉండే మహిళా వార్డెన్ లేని చోటికి ఆడపిల్లను పంపే ఆలోచనే వద్దు. గోడ, గేటు, స్నానాల గది తలుపు గడియ, ఇవన్నీ తల్లి స్వయంగా చూడాలి. నెలసరి సమయంలో పిల్ల ఎవరికి చెప్పుకోవాలో కూడా తల్లే అడగాలి.

వంటగది చూడకుండా తిరిగి రావద్దు. మేము మదర్సా మత్బఖ్ లో తిని పెరిగినవాళ్ళమే. వంటవాడితో రెండు మాటలు మాట్లాడితే కరపత్రంలో లేని విషయాలన్నీ బయటపడతాయి. తిండి లెక్క కూడా తెలుసుకోండి. 2024లో తెలంగాణ ప్రభుత్వం గురుకులాల మెస్ ఛార్జీలను 40 శాతం పెంచింది. 3 నుంచి 7వ తరగతి పిల్లలకు నెలకు 950 రూపాయలున్నది 1,330 అయింది. 8 నుంచి 10వ తరగతి వరకు 1,100 ఉన్నది 1,540 అయింది. అంటే చిన్నపిల్లవాడికి రోజుకు దాదాపు 44 రూపాయలు. అదే ఏడాది రాష్ట్రంలో పలుచోట్ల ప్రభుత్వ వసతి బడుల్లో కలుషిత ఆహారం తిని పిల్లలు ఆసుపత్రుల పాలైన వార్తలు కూడా చదివాం. కనుక ప్రైవేటు యజమానిని సూటిగా అడగండి. “మా పిల్లవాడి తిండికి మీరు రోజుకు ఎంత ఖర్చు పెడుతున్నారు? నీళ్ళ ట్యాంకు ఎన్నాళ్ళకోసారి కడుగుతారు?” నిజాయితీగా నడిపేవాడు ఈ ప్రశ్నకు కోప్పడడు.

కాగితాలు కూడా చూడాలి

బడికి ప్రభుత్వ గుర్తింపు ఉందా, ఏ తరగతి వరకు ఉంది అన్నది ముందు తెలుసుకోవాలి. గుర్తింపు ఉన్న ప్రతి బడికీ యూడైస్ అనే 11 అంకెల సంఖ్య ఉంటుంది. అది అడిగి మండల విద్యాధికారి కార్యాలయంలో సరిచూసుకోండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. మధ్యలో పిల్లవాణ్ణి తీసుకుపోతే ఎంత తిరిగి ఇస్తారో కాగితం మీద రాయించుకోండి.

మన ప్రాంతంలో చాలామంది ‘నవోదయ కోచింగ్’ పేరు చూసి నాలుగో, అయిదో తరగతి పిల్లలను హాస్టళ్ళలో చేరుస్తున్నారు. ఇంగ్లండు ప్రెప్ స్కూలుకు మన దగ్గరి చుట్టం ఇదే. నవోదయ చాలా మంచి అవకాశం. నిజాంసాగర్ లోని విద్యాలయం 2016లో జిల్లాల విభజనతో కామారెడ్డి జిల్లాలోకి వెళ్ళింది. 2024 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం కొత్తగా ఆమోదించిన నవోదయల్లో నిజామాబాద్ జిల్లా కూడా ఉంది. కాని నిబంధనలు తెలుసుకోకుండా హాస్టల్లో చేర్చితే ఉన్న అవకాశమే పోవచ్చు. పిల్లవాడు ఏ జిల్లా నివాసి అయితే ఆ జిల్లాలోనే అయిదో తరగతి చదువుతూ ఉండాలి. అదీ గుర్తింపు ఉన్న బడిలో. సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ పిల్లలవి. అయితే 3, 4, 5 తరగతుల్లో ఒక్కరోజైనా పట్టణ బడిలో చదివితే ఆ పిల్లవాణ్ణి పట్టణ అభ్యర్థిగానే లెక్కిస్తారు. పల్లెటూరి పిల్లవాణ్ణి కోచింగ్ కోసం పట్నం హాస్టల్లో వేసి, వాడి కోటాను మన చేతులతో మనమే పోగొట్టడం ఎంత శోచనీయం!

ఆరో తరగతి ప్రవేశ పరీక్ష ఒక్కసారే రాయాలి, రెండోసారి అవకాశం లేదు. రెండు గంటల్లో 80 ప్రశ్నలు, 100 మార్కులు. సగం ప్రశ్నలు బొమ్మలు, ఆకారాలు పోల్చి చూసే తెలివికి సంబంధించినవి. మిగతావి అంకగణితం, భాష. చదువు వచ్చిన అక్కో, మామయ్యో రోజూ ఒక గంట కూర్చోబెడితే ఇంట్లోనే నేర్పగలిగిన చదువిది. ఒక్క పరీక్ష కోసం తొమ్మిదేళ్ళ పిల్లవాణ్ణి తల్లి నుంచి ఏడాది దూరం చేయాలా అన్నది తూకం వేసి చూడండి.

భాష, నమాజు

మనలో చాలా ఇళ్ళలో మాట ఉర్దూ, బజారు తెలుగు, బడి ఇంగ్లీషు. 2018 చట్టం ప్రకారం తెలంగాణ బడుల్లో తెలుగు నేర్పడం తప్పనిసరి. ఇది మన పిల్లలకు మేలే. తెలుగు రాకుండా ఈ గడ్డ మీద ఉద్యోగమూ లేదు, ఇరుగుపొరుగూ లేదు. అయితే ఉర్దూ రాష్ట్రానికి రెండో అధికార భాష అయినా, చిన్న ప్రైవేటు హాస్టళ్ళలో ఉర్దూ టీచరు ఉండటం అరుదు. ఇంట్లో ఉన్నప్పుడు నానీ దగ్గరో, మక్తబ్ లోనో నాలుగక్షరాలు నేర్చిన పిల్లవాడు రెండేళ్ళలో అలిఫ్ బే మరచిపోతాడు. టీచరు లేకపోతే ప్రతి సెలవుల్లో ఉర్దూ ఎవరు నేర్పుతారో ముందే ఇంట్లో నిర్ణయించుకోండి.

హిందూ సోదరులు నడిపే బడి అయితే జుమాకు పంపుతారా, రంజాన్ లో సహరీకి వీలుంటుందా, మాంసం ఎక్కడి నుంచి తెస్తారు అని మర్యాదగా, ముందుగానే అడగండి. అడిగితే ఏర్పాటు చేసేవాళ్ళు మన ప్రాంతంలో చాలామందే ఉన్నారు. నడిపేవాడు ముస్లిం అయినంత మాత్రాన, గోడ మీద ఖుర్ఆన్ వాక్యం ఉన్నంత మాత్రాన, ప్రశ్నలు మానేయకండి. గడ్డం, టోపీ చూసి అడగడానికి మొహమాటపడితే ఆ మొహమాటానికి మూల్యం చెల్లించేది మీ బిడ్డ. మదర్సా హాస్టలుకూ ఇవే ప్రశ్నలు వర్తిస్తాయి. విద్యాహక్కు చట్టం మదర్సాలకు వర్తించదు కనుక అక్కడ తల్లిదండ్రుల కన్ను మరింత తెరుచుకుని ఉండాలి.

బెత్తం పేరు తర్బియత్ కాదు

మన దగ్గర చదివే ఒక బాలుణ్ణి ఊరి బయట హాస్టల్లో చేర్చారు. దసరా సెలవులకు వచ్చినవాడు మాట్లాడటమే మానేశాడు. నెమ్మదిగా అడిగితే తేలింది. రాత్రి పక్క తడుపుకుంటున్నాడు. తెల్లారగానే తడిసిన దుప్పటి భుజాన వేసి, అందరి ముందు వరండాలో నిలబెట్టేవారు. ఎవరూ కొట్టలేదు, తిండి పెట్టకుండా ఉంచలేదు. అయినా ఆ పిల్లవాడు మళ్ళీ పాఠం గట్టిగా చదవడానికి ఏడాది పట్టింది.

2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. ఆరువందల ఏళ్ళకు పూర్వమే ఇబ్నె ఖల్దూన్ తన ‘ముఖద్దిమా’లో దీని కోసం ప్రత్యేకంగా ఒక అధ్యాయం రాశారు. కాఠిన్యంతో పెరిగిన పిల్లలు ఉత్సాహం కోల్పోతారని, దెబ్బకు భయపడి అబద్ధం, కపటం నేర్చుకుంటారని హెచ్చరించారు. ఇంగ్లండులో చిన్న వయసులోనే హాస్టళ్ళకు పంపిన పిల్లలు పెద్దయ్యాక ఎదుర్కొనే బాధలపై జాయ్ షావెరియన్ అనే మానసిక చికిత్సకురాలు 2015లో ఒక పుస్తకమే ప్రచురించారు. ఏడిస్తే నవ్వుతారని ఏడుపు దాచుకోవడం నేర్చిన పిల్లవాడు, పెద్దయ్యాక భార్యాబిడ్డల దగ్గర కూడా మనసు విప్పలేడని ఆమె పరిశీలన. మనం ‘దారికి వచ్చాడు’ అని సంతోషించే మౌనం ఒక్కోసారి ఇదే కావచ్చు.

హజ్రత్ అనస్ (ర) ను తల్లి ఉమ్మె సులైమ్ (ర) సుమారు పదేళ్ళ వయసులో దైవప్రవక్త (స) సేవలో అప్పగించారు. మనం పిల్లలను హాస్టలుకు పంపే వయసే అది. ఆయన అక్కడ పదేళ్ళు ఉన్నారు. ఆ పదేళ్ళలో ప్రవక్త (స) నోటి నుంచి ఒక్కసారైనా విసుగు మాట వినలేదని, ఇది ఎందుకు చేశావు, అది ఎందుకు చేయలేదు అని ఒక్కనాడూ గద్దించలేదని హజ్రత్ అనస్ (ర) స్వయంగా తెలియజేశారు. బిడ్డను అప్పగించే తల్లికి, అందుకునే మనిషికి ఇంతకంటే గొప్ప కొలబద్ద ఏముంటుంది? ఆ స్థాయి మనలో ఎవరికీ సాధ్యం కాదు. కాని ఏ దిక్కుగా నడవాలో అది చూపిస్తుంది.

చేర్చిన తరువాత

చేర్చే ముందు పిల్లవాణ్ణి వెంట తీసుకెళ్ళి బడి చూపించండి. ఇష్టమేనా అని అడగండి. ‘వాడికేం తెలుసు’ అనకండి, అక్కడ ఉండబోయేది వాడే. ఇప్పటికీ రాత్రి అమ్మ పక్కన తప్ప నిద్రపోని పిల్లవాణ్ణి, తరచుగా జబ్బు పడే పిల్లవాణ్ణి, ఇంట్లో ఈ మధ్యే ఎవరినైనా పోగొట్టుకున్న పిల్లవాణ్ణి ఒకటి రెండేళ్ళు ఆగి పంపడమే మంచిది. చదువు రెండేళ్ళు ఆగదు, హాస్టలు మాత్రమే ఆగుతుంది.

వారానికి ఒక రోజు ఫోను మాట్లాడే ఏర్పాటు రాయించుకోండి. వార్డెన్ పక్కన నిలబడి వినకుండా, పిల్లవాడు ఒంటరిగా మాట్లాడాలి. ఇంకొక చిన్న ఉపాయం. ఇంట్లో ఒక గుర్తు మాట పెట్టుకోండి. ‘మన మేక ఎలా ఉంది?’ అని వాడు అడిగితే, ‘నాకు ఇక్కడ బాగా లేదు, రండి’ అని అర్థం. ఆ మాట వినబడిన రోజున తెల్లవారే దాకా ఆలోచిస్తూ కూర్చోకుండా బస్సెక్కండి. వెళ్ళాక విషయం తీవ్రమైనదని తేలితే పరువు పేరుతో దాచిపెట్టవద్దు. పిల్లల సహాయవాణి 1098 ఉంది, పోలీసులున్నారు, 2012 నాటి పోక్సో చట్టం ఉంది.

గల్ఫ్ లో ఉన్న సోదరులకు ఒక మనవి. మీరు పంపే డబ్బు ఫీజు కడుతుంది గాని, బడిని చూసి రాదు. మీ తరఫున చూసి వచ్చే అన్ననో, బావమరిదినో, నమ్మకమైన ఉస్తాదునో నియమించండి. నెలకోసారి వెళ్ళి పిల్లవాణ్ణి కలిసి, వాడి గోళ్ళు, చెప్పులు, దుప్పటి, నోటుపుస్తకం చూసి మీకు ఫోను చేయమని చెప్పండి. మార్కుల పట్టిక కంటే ఈ నాలుగు వస్తువులే ఎక్కువ నిజం చెబుతాయి.

మంచి చిన్న బడులు ఉన్నాయి. వాటిని నడిపేవాళ్ళు కష్టపడుతున్నారు. అడిగే తల్లిదండ్రులు పెరిగితే అలాంటివాళ్ళకు బలం పెరుగుతుంది, మోసగాళ్ళకు చోటు తగ్గుతుంది. బిడ్డను పంపినా, పంపకపోయినా ఆ అమానతు గురించి రేపు సమాధానం చెప్పుకోవలసింది మనమే. మన పిల్లలను దయగల చేతుల్లో ఉంచే వివేకాన్ని, వాళ్ళ మౌనాన్ని కూడా వినగలిగే చెవులను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.